తెర వెనక సంసారం

మియాపూర్‌లో ఉంటున్నానని చెబితే మా వైపు చుట్టాలు రెండే ప్రశ్నలు అడుగుతారు. "మెట్రోకి దగ్గరేనా?" అని ఒకటి. "మీవారు సాఫ్టువేరా?" అని రెండోది. మొదటిదానికి అవుననీ, రెండోదానికి కాదనీ చెప్పేసరికి మా ఊరి ముచ్చట అయిపోతుంది. "మీకు దగ్గర్లోనే సురభివాళ్ళు ఉంటారటగా?" అని మూడో ప్రశ్న ఎవరైనా వేస్తారేమోనని పద్నాలుగేళ్ళనించీ చూస్తున్నాను. ఇంతవరకూ ఒక్కరూ వెయ్యలేదు.

వెయ్యకపోతే మానె, నేనే చెబుతాను. మియాపూర్‌నించి ముంబై రహదారి పట్టుకుని చందానగర్ దాటి వెళితే లింగంపల్లి వస్తుంది. ఆ శేరిలింగంపల్లిలోనే సురభి కాలనీ ఉంది. ఒకవైపు హైటెక్ సిటీకి ఉద్యోగస్తుల్ని మోసుకుపోయే రైళ్ళు, ఇంకోవైపు ఆకాశానికి నిచ్చెన వేసినట్లున్న అపార్టుమెంట్లు. నడుమ ఆ కాలనీ. అక్కడ కృష్ణులున్నారు, ఘటోత్కచులున్నారు, మాయా శశిరేఖలున్నారు. అందరూ మనలాగే కరెంటు బిల్లు కడతారు, గ్యాసుబండకోసం ఎదురుచూస్తారు. కాకపోతే, మన తాతలు నాగలి పట్టిన రోజుల్లో వాళ్ళ తాతలు గద పట్టారు. అంతే తేడా.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి బతుకుతున్నదాన్ని. ఏటా నాటక సాహిత్యం చెప్పాలి. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారు తమ విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారని మొదలుపెడతాను. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారి సరస వినోదినీ సభ గురించి చెబుతాను. 1892లో విజయనగరంలో 'కన్యాశుల్కం' రంగమెక్కిందని చెబుతాను. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాల దగ్గిరికి వచ్చేసరికి పిల్లలకి కాస్త హుషారు పుడుతుంది. పద్యానికి ఆరు నిమిషాలు రాగం తియ్యటం, జనం వన్స్‌మోర్ అని అరవటం, చచ్చి పడివున్నవాడు లేచి మళ్ళీ పద్యం పాడి మళ్ళీ చావటం, ఇవన్నీ వింటే ఎవరికి మాత్రం నవ్వు రాదు?

ఇదంతా బాగానే ఉంది. కాని ఈ పాఠంలో కవులున్నారు, సభలున్నాయి, జమీందారులున్నారు, ప్లీడర్లున్నారు. పగలంతా కోర్టులోనో బడిలోనో పనిచేసుకుని రాత్రి నాటకం ఆడినవాళ్ళే ఎక్కువమంది. నాటకమే తిండిగా, నాటకమే ఇల్లుగా బతికినవాళ్ళకి ఆ పాఠంలో దక్కే చోటు ఒక పేరా. పరీక్షకు రాదని తెలిస్తే పిల్లలు ఆ పేరా కూడా చదవరు.

ఆ పేరాలో ఏముందో కాస్త విప్పి చెబుతాను.

కడప జిల్లాలో సురభి అనే పల్లె ఉంది. 1885లో అక్కడ వనారస గోవిందరావుగారూ ఆయన వాళ్ళూ కలిసి 'కీచకవధ' ఆడారు. వాళ్ళ కులవృత్తి తోలుబొమ్మలాట. మహారాష్ట్ర దేశంనించి వచ్చిన కుటుంబాలు అవి. అంతకుముందు తెర వెనక కూచుని బొమ్మను ఆడించి, బొమ్మ తరఫున మాట్లాడి, బొమ్మ తరఫున ఏడ్చినవాళ్ళు, ఒకనాడు బొమ్మను పక్కన పెట్టి తామే తెర ముందుకి వచ్చారన్నమాట. ఏదో పెళ్ళిలో ఊరిపెద్దల మాటమీద అట్లా ఆడారని ఆ కుటుంబాల్లో చెప్పుకుంటారు. ఊరి పేరే సమాజానికి పేరయింది. పోను పోను అదే ఇంటిపేరుకంటే పెద్ద పేరయింది.

బొమ్మలాటవాళ్ళు కాబట్టే వాళ్ళకి ఒక సంగతి బాగా తెలుసు. చూసేవాడి కంటికి తాడు కనపడకూడదు. మన పండిత నాటకాలు చెవికోసం పుట్టినవి. సురభి నాటకం కంటికోసం పుట్టింది. నారదుడు మేఘాల్లోంచి దిగివస్తాడు. రెండు బాణాలు ఎదురెదురుగా వచ్చి నడిమధ్యన కొట్టుకుని నిప్పులు రాలుస్తాయి. ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్లు వాటంతట అవే లేచి నోట్లో పడతాయి. ఒక తెర పైకి లేస్తే రాజసభ, ఇంకోటి లేస్తే అడవి, మరోటి లేస్తే అంతఃపురం. ఇదంతా కంప్యూటరు పుట్టకముందు, కరెంటు రానివూళ్ళలో, పెట్రోమాక్సు దీపాల వెలుతుర్లో జరిగిన సంగతి. 1957లో విజయావారి 'మాయాబజార్' వచ్చింది, అందరం చూశాం, ఇంకా చూస్తూనే ఉన్నాం. ఆ శశిరేఖా పరిణయం కథ అంతకు ముందునించే నాటకాల్లో జనానికి కంఠతా వచ్చి ఉందని మాత్రం మరిచిపోకూడదు.

మా అమ్మమ్మది తెనాలి. నాటకమంటే తెనాలివాళ్ళకి పుట్టుకతో వచ్చిన జబ్బు. అమ్మమ్మ స్థానం నరసింహారావుగారి సత్యభామను చూసింది. ఆ వేషం సంగతి ఎత్తితే చాలు, చేతిలో పని వదిలేసేది. "ఆడదానిలా నడవటం మాకే ఆయన నేర్పాడే అమ్మాయ్! చీర కుచ్చెళ్ళు ఆయన సర్దుకున్నట్లు మాలో ఒక్కత్తెకీ చేతకాలేదు" అనేది. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. అంత గొప్ప నటుడు. అయితే, ఆ గొప్ప వెనకాల ఒక చిన్న చిక్కు ఉంది చూశారా? మంచి కుటుంబంలో ఆడది రంగమెక్కకూడదు కాబట్టి, మగవాడు ఆడవేషం కట్టాలి. స్త్రీల పాత్రలు స్త్రీలే వెయ్యాలని బళ్ళారి రాఘవగారు గట్టిగా పట్టుపట్టారు. కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటివారు ఆయనతో కలిసి నటించారు. దాన్ని గూర్చి అప్పట్లో పెద్దలు తర్జనభర్జనలు పడ్డారు. మర్యాద అన్నారు, సంస్కరణ అన్నారు, కాలం చెడిపోయిందన్నారు.

పెద్దలు ఇట్లా వాదించుకోవటానికి ముందునించీ సురభి డేరాల్లో ఆడవేషాలు ఆడవాళ్ళే వేస్తూ వచ్చారు. వాళ్ళు దాన్ని సంస్కరణ అనుకోలేదు. ఇంట్లో ఉన్న పదిమందీ పనిచేస్తేగాని పూటగడవదు. నాన్న దుర్యోధనుడయితే అమ్మ ద్రౌపది, మేనత్త కుంతి, అన్న అభిమన్యుడు, ఒళ్ళో పిల్లవాడు బాలకృష్ణుడు. పొలంలో కలుపు తియ్యటానికి ఆడవాళ్ళు దిగితే ఎవరైనా సంస్కరణ అంటారా? ఇదీ అంతే. మర్యాద గలవాళ్ళకి సభలు పెట్టినా తేలని ప్రశ్నకి, ఆకలిగలవాళ్ళు ఏ సభా లేకుండానే సమాధానం చెప్పేశారు.

సురభి కమలాబాయిగారి పుట్టుకను గూర్చి ఒక కథ చెబుతారు. తల్లి వేషంలో ఉండగానే నొప్పులు వచ్చి, రంగస్థలంమీదనే కాన్పయిందనీ, అదీ నాటకంలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారనీ. కథలో ఎంత నిజమో ఎంత అల్లికో గాని, ఆ కథ పుట్టటానికి వీలున్న ఇల్లు మాత్రం అదొక్కటే. ఆ అమ్మాయే పెరిగి పెద్దదై, 1932 ఫిబ్రవరిలో వచ్చిన మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేషం వేసింది. హెచ్. ఎం. రెడ్డిగారు టాకీ తియ్యదలచినప్పుడు వెతుక్కుంటూ పోయింది సురభివాళ్ళ దగ్గిరికే. వాచికం తెలిసిన ఆడవాళ్ళు, పాట తెలిసిన ఆడవాళ్ళు, నలుగురిముందు నిలబడటానికి జంకని ఆడవాళ్ళు ఇంకెక్కడ దొరుకుతారు?

ఇటువంటి ఇళ్ళు మన దేశంలోనే ఉన్నాయనుకోకండి. ఆ కాలంలోనే అమెరికాలో వాడెవిల్ అని ఒక వినోదం ఉండేది. ఒకే టిక్కెట్టుమీద పాట, ఆట, గారడీ, దొమ్మరి విద్య, హాస్యం, అన్నీ వరసగా వచ్చేవి. ఊరూరా తిరిగేవారు. నవ్వని మొహంతో లోకాన్నంతా నవ్వించిన బస్టర్ కీటన్ పేరు మీరు వినే ఉంటారు. ఆయన తల్లిదండ్రులు అట్లా ఆటలాడుకుంటూ ఊళ్ళు తిరిగేవాళ్ళు. 1895లో కాన్సాస్ రాష్ట్రంలోని పిక్వా అనే చిన్న ఊళ్ళో మకాం ఉండగా ఆయన పుట్టాడు. నాలుగైదేళ్ళు వచ్చేసరికి అమ్మా నాన్నలతోపాటు స్టేజీమీదే. తండ్రి ఆ పిల్లవాణ్ణి ఎత్తి ఇటు విసిరితే అటు పడటం, జనం విరగబడి నవ్వటం. పసివాణ్ణి అట్లా విసరటమేమిటని పిల్లల సంరక్షణ సంఘాలవాళ్ళు వెంటపడ్డారు కూడాను.

చిత్రమేమిటంటే, మనకు మొదటి టాకీ వచ్చిన 1932లోనే, న్యూయార్క్‌లో వాడెవిల్‌కి రాజధానిగా పేరుపడ్డ ప్యాలెస్ థియేటరు సినిమా హాలుగా మారిపోయింది. ఏ వాడెవిల్ కళాకారుడయినా ఒక్కసారి అక్కడ ఆడితే జన్మ తరించిందనుకునేవాడట. అదే మూతపడితే తక్కినవాటి సంగతి చెప్పాలా? కొద్ది కాలంలోనే ఆ వినోదం పేరు పుస్తకాల్లోకి వెళ్ళిపోయింది. నటులు కొందరు సినిమాల్లోకీ, రేడియోలోకీ పోయారు. తక్కినవాళ్ళు ఏమయ్యారో లోకానికి పట్టలేదు.

మరి సినిమా వచ్చాక కూడా సురభి ఎట్లా నిలిచింది? 1937లో శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి పుట్టింది. ఒకప్పుడు ముప్పైకి పైగా సురభి సమాజాలు ఊళ్ళమీద తిరిగేవి. రేకుల హాలు వేసుకుని ఒక్కో ఊళ్ళో నెలల తరబడి ఆడేవారు, రోజుకొక నాటకం. దీనికి కారణం అడిగితే అందరూ "కళాభిమానం" అని చెబుతారు. ఆ మాట నాకెందుకో సగమే నిజమనిపిస్తుంది. వాడెవిల్‌లో యజమాని ఒకడు, కూలి పుచ్చుకునేవాడు ఒకడు. లాభం లేదనుకున్ననాడు యజమాని హాలు తలుపు మూశాడు, కథ అయిపోయింది. సురభిలో అట్లా కాదు. అది ఉమ్మడి సంసారం. వసూలు వచ్చిననాడు అందరూ తిన్నారు, రానినాడు అందరూ పస్తున్నారు. నష్టం వస్తోందని తల్లిని, పిన్నిని, మేనల్లుణ్ణి పనిలోంచి తీసెయ్యటం ఎవరి తరం? మూసెయ్యటానికి అది దుకాణం కాదు కాబట్టి నిలిచింది. అంటే, సినిమా కొట్టిన దెబ్బను ఆ ఇంటివాళ్ళు తమ కడుపులమీద కాసుకున్నారన్నమాట.

తెర వెనక ఆ సంసారాన్ని మా అమ్మమ్మ కళ్ళారా చూసింది. తెనాలికి సురభివాళ్ళు వచ్చినప్పుడు పెరుగమ్మిన డబ్బుల్లోంచి అణాలు దాచుకుని నేల టిక్కెట్టు కొనుక్కునేదట. చోటు దొరక్క ఒకనాడు బాగా పక్కకి, తెర అంచున కూచుంది. అక్కడినించి చూస్తే లోపల ద్రౌపది పిల్లవాడికి పాలిస్తోంది. పిలుపు రాగానే పిల్లవాణ్ణి పక్కనున్న భీముడి చేతిలో పెట్టి, పైట సర్దుకుని, సభలోకి వెళ్ళి జుట్టు విరబోసుకుని ఏడ్చిందట. "అందరూ ద్రౌపది కష్టానికి ఏడిచారు. నాకు మాత్రం ఆ పిల్లాడు సగం పాలతో ఉండిపోయాడే అని ఏడుపొచ్చింది" అనేది అమ్మమ్మ.

ఈ మధ్య మా క్లాసులో పన్నెండుమంది పిల్లల్ని వెంటబెట్టుకుని రవీంద్రభారతికి సురభివారి 'మాయాబజార్' చూడటానికి వెళ్ళాను. గ్రాఫిక్సుల కాలంలో పుట్టిన పిల్లలు, ఏం చూస్తారులే అనే బెంగ నాకు లేకపోలేదు. లడ్లు ఎగిరేసరికి పన్నెండుమందీ ముందుకి వంగారు. సినిమాలో అయితే కంప్యూటరు చేసిందని తెలుసు. ఇక్కడ ఎవరో మనిషి చేస్తున్నాడని తెలుసు, ఎట్లా చేస్తున్నాడో తెలియదు. ఆ రెంటికీ ఎంత భేదముందో ఆ రాత్రి వాళ్ళకి నేను చెప్పనక్కరలేకపోయింది.

నాటకమయ్యాక బతిమాలితే తెర వెనక్కి రానిచ్చారు. తాళ్ళు, కప్పీలు, చుట్టిపెట్టిన తెరలు. తాళ్ళు లాగే పెద్దాయన అరచేతులు చూశాను. కాయలు కాచి రాయిలాగున్నాయి. "పైన వేలాడే పిల్లవాడికి భయం వెయ్యదా?" అని అడిగాను. ఆయన నవ్వి, "తాడు పట్టుకున్నది బాబాయి అయితే భయమెందుకమ్మా?" అన్నాడు. నాటక విమర్శమీద నేను చదివిన పుస్తకాలన్నిటిలోనూ ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద సంగతి కనపడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో మా పిల్లల్లో ఒక అమ్మాయి, ఎప్పుడూ మాట్లాడనిది, ఉన్నట్టుండి అడిగింది. "మేడమ్, మీరందరూ గొప్ప గొప్ప అంటున్నారు గాని, ఆ పిల్లల్ని స్టేజీ ఎక్కించకుండా చదివించి ఉంటే వాళ్ళు ఇంకేదయినా అయ్యేవాళ్ళేమో కదా? వాళ్ళని ఎవరన్నా అడిగారా?"

అమీర్‌పేటనించి మియాపూర్ దాకా ఆ ప్రశ్న మామధ్యనే కూచుంది. ఆ అమ్మాయి తండ్రి మేస్త్రీపని చేస్తాడు. కూతురు ఆ తాపీ పట్టకూడదనే చదివిస్తున్నాడు. తండ్రి పని కూతురు చెయ్యకపోవటం ఆ ఇంట్లో పండగ. సురభి ఇంట్లో అయితే మాత్రం అది సంస్కృతికి నష్టమని మనం పత్రికల్లో రాసుకుంటాం. ఎవరి పిల్లలు కులవృత్తిలో ఉండిపోవాలో తేల్చటానికి మనమెవరం? నేను పొలం వదిలి పట్నం వచ్చినదాన్నే. నా కొడుకు తెలుగు ఎమ్మే చదువుతానంటే నాలుగు రోజులు నిద్రపట్టదు.

నిజానికి ఆ ప్రశ్నకు సురభివాళ్ళే సమాధానం చెబుతున్నారు. పిల్లలు చదువుకుంటున్నారు, ఉద్యోగాలకు పోతున్నారు. పగలు కంప్యూటరు ముందు కూచుని సాయంత్రం కిరీటం పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ముప్పై పైచిలుకు సమాజాలు ఇప్పుడు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. అయినా ఉన్నవాళ్ళు పాత పాటే పాడుతూ కూచోలేదు. 1990లలో బి. వి. కారంత్‌గారు వచ్చి వాళ్ళతో పనిచేస్తే, జర్మనీ నాటకకర్త బ్రెక్ట్ కథను 'బస్తీ దేవత యాదమ్మ'గా ఆడారు. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన నాగేశ్వరరావుగారికి, బాబ్జీ అంటేనే అందరికీ తెలుసు, 2013లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో ఆయన కన్నుమూశారు. పేపర్లన్నీ గొప్పగా రాశాయి. మనమంతా అయ్యో అనుకున్నాం.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట. నిన్నటిదాకా సురభి నాటకానికి ఖర్చు భరించింది ప్రేక్షకులూ కాదు, ప్రభుత్వమూ కాదు. జీతం అడగని ఆ తల్లులూ, బడికి పోని ఆ పిల్లలూ. ఆ ఉచితపు చాకిరీకి మనం ముద్దుగా 'కళాసేవ' అని పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆ పిల్లలకి వేరే దారి దొరికింది. సంతోషించాల్సిందే. కాని ఇకమీదట ఆ తాడు లాగేవాడు బాబాయి కావచ్చు, కాకపోవచ్చు. ఎవరయినా సరే, నెల తిరిగేసరికి వాడికి జీతం ముట్టాలి. అది మన జేబుల్లోంచి రావాలి.

వస్తుందా? మొన్న వినాయక చవితికి మా అపార్టుమెంటు కమిటీలో ఏం కార్యక్రమం పెట్టాలని చర్చ జరిగింది. "పక్కనేగా సురభివాళ్ళు, వాళ్ళని పిలుద్దాం" అన్నాను. అందరూ బాగుంది బాగుంది అన్నారు. తరవాత ఒకాయన, పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం, "కళాసేవ చేసేవాళ్ళు కదండీ, దగ్గర్లోనే ఉన్నారు, భోజనాలు పెట్టి ఏదో తాంబూలం ఇస్తే రారూ?" అన్నాడు. పాపం, మంచిమనిషే. మనసులో కల్మషం లేదు. అదే ఆయన డీజే పెట్టెలవాడు చెప్పిన రేటుకి బేరం కూడా ఆడకుండా అడ్వాన్సు పంపాడు.

నేను లెక్క చెప్పాను. తెరలు ఇన్ని, లారీ ఒకటి, తెర ముందు ఇంతమంది, తెర వెనక అంతకంటే ఎక్కువమంది, దీపాలవాళ్ళు, హార్మోనియం, తబలా, వేషాలు, రిహార్సలు రోజులు. మీ ఆఫీసులో ఇంతమంది ఒకరోజు పనిచేస్తే ఎంతవుతుందో మీరే చెప్పండి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "నిజమేనండోయ్" అన్నాడు. అని, ఈ ఏటికి డీజేతో కానిద్దాం అన్నాడు. వచ్చే ఏటికి మాత్రం ముందుగానే ఇంటింటికీ చందా పెంచుదామని మినిట్స్ పుస్తకంలో రాయించాను. ఆ పేజీకి ఫోటో తీసి దాచుకున్నాను కూడా. కమిటీల సంగతి మీకు తెలియంది కాదు.

పిల్లలకి ఈ ఏడు ఇంకొక పని పెట్టాను. నాటకం గురించి వ్యాసం రాసేవాళ్ళు, చూసిన నాటకం టిక్కెట్టును ఆ కాగితానికి అంటించి ఇవ్వాలి. పాసు మీద వెళ్ళినవాళ్ళది దిద్దను. "మేడమ్, డబ్బులెక్కువవుతాయి" అని గునిశారు. ఐస్‌క్రీము మానండి, అన్నాను. ఇప్పటికి ఏడు టిక్కెట్టు ముక్కలు వచ్చాయి. మెట్రోలో నన్ను ప్రశ్న వేసిన ఆ అమ్మాయి కాగితానికి రెండు అంటించి ఉన్నాయి. రెండోదెవరిదే అంటే, "మా నాన్నది మేడమ్. ఆ తాళ్ళు కట్టిన పద్ధతి చూడాలన్నాడు" అంది.